మన ఆస్పత్రిలో మనం ఎందుకు చేరడం లేదు: వైద్య ఆరోగ్య శాఖకు, తోటి సిబ్బందికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ ఉన్నతాధికారులకు, ఉద్యోగుల ఆరోగ్య పథకాన్ని నిర్వహిస్తున్న ట్రస్టు అధికారులకు, ప్రభుత్వ వైద్యుల, నర్సుల, పారామెడికల్ ఉద్యోగుల సంఘాల నాయకులకు,

నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లో ముప్పై మూడేళ్ల పాటు స్టాఫ్ నర్సుగా, ఆ తర్వాత హెడ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ప్రభుత్వాసుపత్రి సిబ్బంది తమ జబ్బులకు ప్రైవేటు ఆస్పత్రులకు వెళ్లడం మీద ఇదివరకే రెండు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి జవాబే రాలేదు. రెండోది ఒక సోమవారం నాడు అర్జీలు తీసుకునే చోట స్వయంగా అందజేశాను. పదకొండో రోజున 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని ఫోనుకు సందేశం వచ్చింది. ఎవరు పరిష్కరించారో, ఏమని పరిష్కరించారో అందులో లేదు. ఫోన్ చేసి అడిగితే, ఇది పాలసీ విషయమమ్మా, మా చేతుల్లో లేదు అన్నారు. ఎవరి చేతుల్లో ఉన్నదో వారందరికీ ఒకేసారి చేరాలని ఇప్పుడు బహిరంగంగా రాస్తున్నాను.

ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే మనకు జబ్బు చేస్తే, మన యజమాని అయిన ప్రభుత్వమే డబ్బు కట్టి మనల్ని ప్రైవేటు ఆస్పత్రికి పంపుతోంది. మన ఆస్పత్రిలో దొరకని చికిత్సకు పంపితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. మన ఆస్పత్రిలో, మన చేతుల మీదుగా రోజూ జరిగే చికిత్సకు కూడా పంపడం న్యాయమా అన్నదే నా ప్రశ్న.

2013 డిసెంబరులో ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యోగుల ఆరోగ్య పథకం, మనం ఈహెచ్ఎస్ అని పిలుచుకునేది, మొదలైంది. అంతకు ముందు 1972 నాటి మెడికల్ అటెండెన్స్ నియమాల కింద ముందుగా చేతి డబ్బు ఖర్చు పెట్టుకొని, తర్వాత బిల్లులు పెట్టి, రీయింబర్స్‌మెంటు కోసం నెలల తరబడి తిరగవలసి వచ్చేది. అప్పు చేసి భార్యకు ఆపరేషన్ చేయించిన ఒక అటెండరు, ఆ బిల్లు పాసయ్యేలోగా వడ్డీ కట్టలేక తూగుటుయ్యాల వంటి ఇంటి సామాను కూడా అమ్ముకోవడం నేను ఎరుగుదును. అందుకే నగదు లేని చికిత్స వచ్చినప్పుడు మేమందరం సంతోషించాం. ఆ సంతోషం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. మొదట్లో జీతం స్థాయిని బట్టి నెలకు 90 రూపాయలో, 120 రూపాయలో మన జీతంలోంచి కోసేవారు. తర్వాత ఆ మొత్తం పెరిగింది. మిగిలిన భారం ఖజానాది. కార్డు చూపిస్తే నెట్‌వర్క్ ఆస్పత్రిలో, అంటే పథకంలో చేరిన ఆస్పత్రిలో, మన స్థాయిని బట్టి సెమీ ప్రైవేటు గదో, ప్రైవేటు గదో ఇస్తారు.

ఈ పథకం ఉపాధ్యాయులకు, రెవెన్యూ వారికి, పోలీసులకు కూడా ఉన్నప్పుడు వైద్య శాఖ వారిని మాత్రమే ఎందుకు అడుగుతున్నావని మీరు అనవచ్చు. స్ట్రెచరు పక్కన నిలబడిన రోగి బంధువు, 'సిస్టరమ్మా, ఇక్కడ చేయించమంటారా, వైజాగ్ తీసుకుపోమంటారా?' అని అడిగేది రెవెన్యూ ఇన్‌స్పెక్టరును కాదు, మనల్ని. 'ఇక్కడే చేయించండి, మన డాక్టరు గారు బాగా చేస్తారు' అని నేను వందలమందికి చెప్పాను. నమ్మే చెప్పాను. నా వంతు వచ్చినప్పుడు మాత్రం వైజాగ్ వెళ్లాను.

ఆ సంగతి దాచకుండా చెప్పాలి. పదవీ విరమణకు మూడేళ్ల ముందు నా పిత్తాశయంలో రాళ్లు తేలాయి. మా ఆస్పత్రిలో సర్జన్ ఉన్నారు, మత్తు డాక్టరు ఉన్నారు, పొట్ట తెరవకుండా చిన్న గాట్లతో ఆపరేషన్ చేసే లాపరోస్కోపీ యంత్రం కూడా ఉంది. అయితే దాని కెమెరా పాడై ఏడు నెలలైంది. ఆకుపచ్చ గుడ్డ కప్పి ఆపరేషన్ థియేటర్లో (ఓటీలో) ఒక మూలకు నెట్టేశారు. మరమ్మతుకు రాసిన కాగితం ఎక్కడ ఆగిందో మాలో ఎవరమూ పట్టించుకోలేదు. నేను కార్డు పట్టుకొని విశాఖపట్నంలో ఒక పెద్ద ఆస్పత్రిలో చేరాను. పొట్ట మీద చిన్న చిన్న గాట్లతో మూడో రోజున ఇంటికి వచ్చి, రెండు వారాల్లో డ్యూటీలో చేరాను. చేరిన రోజున సర్జికల్ వార్డులో డ్రెస్సింగ్ ట్రే తీసుకొని వెళ్లిన మూడో మంచం మీద, నాకు అయిన ఆపరేషనే అయిన ఒక కూలి మనిషి ఉంది. యంత్రం లేదు కనుక పొట్ట తెరిచి చేశారు. కుడి పక్కటెముకల కింద జానెడు కోత, చివర చీము. ఆమెకు అది తొమ్మిదో రోజు. గాజుగుడ్డ తీస్తుంటే పళ్లు బిగబట్టి, 'మీకూ ఇదే ఆపరేసనంట గదమ్మా, అప్పుడే డూటీకొచ్చీసినారేటి?' అని అడిగింది. ఆమె ఎత్తిపొడవలేదు, తనకూ తొందరగా తగ్గుతుందేమోనన్న ఆశతో అడిగింది. నేను జవాబు చెప్పకుండా ప్లాస్టరు అంటించి తర్వాతి మంచానికి వెళ్లిపోయాను. ఆమె పొలం పనికి మళ్లీ వెళ్లడానికి మూడు నెలలు పట్టిందని తర్వాత ఆ ఊరి ఆశా కార్యకర్త చెప్పింది.

మా సూపరింటెండెంటు గారికో, నాకో ఆ ఆపరేషన్ అక్కడే చేయించుకోక తప్పని పరిస్థితి ఉండి ఉంటే ఆ కెమెరా ఏడు నెలలు మూలన పడి ఉండేదా? ఈ లేఖలో నేను అడగబోయేదంతా ఈ ఒక్క ప్రశ్నలోంచి పుట్టినదే.

దీనికి ఎదురుగా వచ్చే మాటలు నాకు తెలుసు, వాటిలో నిజం కూడా ఉంది. మన జబ్బు మన తోటివారికి తెలియడం ఇష్టం ఉండదు. మానసిక చికిత్స తీసుకునే నర్సు, హెచ్ఐవీ పరీక్ష చేయించుకోవలసిన టెక్నీషియన్, గర్భస్రావమైన డాక్టరమ్మ తమ కేస్ షీటు తమ వార్డులోనే తిరగాలని కోరుకోరు. వారి గోప్యతను కాపాడి తీరాలి. 'మేం చందా కడుతున్నాం, ఇది మా హక్కు' అన్న మాటలోనూ బలం ఉంది, కానీ చందా పోగా మిగిలినది మంచం మీద ఉన్న ఆ కూలి మనిషి కొన్న సబ్బు మీద, అగ్గిపెట్టె మీద కట్టిన పన్ను కూడా. ఇక పేదలు కూడా 2007 నుంచి ఆరోగ్యశ్రీ మీద ప్రైవేటుకు వెళ్తున్నారు కదా అంటారు. వెళ్తున్నారు. అయితే ఆ జాబితాలో ఉన్న చికిత్సలకే వెళ్లగలరు. జ్వరానికి, ఆయాసానికి, రక్తహీనతకు, రోజువారీ ఓపీకి, రోజువారీ మందులకు వారికి దిక్కు మన గడపే. పైగా ప్రైవేటు ఆస్పత్రులు బకాయిలు రాలేదని సేవలు ఆపేసినప్పుడల్లా జాబితాలో ఉన్నవారు కూడా తిరిగి వచ్చేది మన దగ్గరికే.

మన వైఖరి వల్ల సామాన్యులకు జరుగుతున్నదేమిటో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

1. ఆస్పత్రిలో ఏది పాడైందో అందరికంటే ముందు తెలిసేది మనకు, అది పాడైనందువల్ల ఏ నష్టమూ లేనిది కూడా మనకే. గట్టిగా అడగగలిగిన వారికి అవసరం లేని వస్తువు బాగుపడదు. మా జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ రోగుల గోడు ఎన్నో ఏళ్లు ఎవరికీ పట్టలేదు. ఊళ్లకు ఊళ్లు కలిసి అడిగి, పత్రికలు రాసి, నాయకులు వచ్చి చూసిన తర్వాతే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరుచుకుంది. 2020లో కోవిడ్ వచ్చిన తొలి నెలల్లో, ప్రైవేటుకు ఇంకా అనుమతి లేనప్పుడు, హైదరాబాదులో కలవారు కూడా గాంధీ ఆస్పత్రిలోనే చేరవలసి వచ్చింది. అక్కడి భోజనం, మరుగుదొడ్లు అప్పుడు రోజూ వార్తలయ్యాయి. అంతకు ముందు ఏళ్ల తరబడి అక్కడ పేదవారు అదే భోజనం తిన్నారు, అవే మరుగుదొడ్లకు వెళ్లారు.

2. మనం బయటికి వెళ్లిన ప్రతిసారీ ప్యాకేజీ డబ్బు, అంటే ఆ చికిత్సకు పథకం కట్టే మొత్తం, కూడా మనతో పాటు బయటికి వెళ్తుంది. ఆరోగ్యశ్రీ కేసు మన ఆస్పత్రిలో చేస్తే వచ్చే మొత్తంలో కొంత ఆస్పత్రి అభివృద్ధికి, కొంత చికిత్స చేసిన బృందానికి ప్రోత్సాహకంగా అందుతుంది. సిబ్బంది ఆపరేషన్లు కూడా ఇక్కడే జరిగితే ఆ డబ్బుతో జనరేటరుకు డీజిలు, కాన్పుల వార్డుకు ఫ్యాన్లు, విరిగిన చక్రాల కుర్చీకి చక్రం వస్తాయి. ఇవి చిన్న ఖర్చులే కానీ, వీటికి డబ్బు లేకే నిండు చూలాళ్లను భుజాల మీద పై అంతస్తుకు మోసిన రోజులు ఉన్నాయి.

3. నమ్మకం పోతుంది. పెద్దాసుపత్రి డాక్టరు గారి తల్లికి ఏ ఊళ్లో వైద్యం జరిగిందో పల్లెల్లో అందరికీ తెలుస్తుంది. 2017లో భూపాలపల్లి కలెక్టరుగా ఉన్న ఆకునూరి మురళి గారి కుమార్తెకు ములుగు ప్రభుత్వాసుపత్రిలో కాన్పు జరిగితే తెలుగు నేలంతా చెప్పుకున్నారు. ఒక కాన్పు అంత వార్త కావలసి వచ్చిందంటే మన మీద జనానికి ఏ అభిప్రాయం ఉందో తెలుస్తూనే ఉంది. ఆ అభిప్రాయంతోనే మన్యంలో డోలీ కట్టుకొని దిగివచ్చిన కుటుంబాలు కూడా మన గేటు దాటి, ఆరెంపీ చెప్పిన నర్సింగ్ హోముకు పోయి, పుస్తెలు కుదువ పెడుతున్నాయి.

4. మనలోనే కార్డు లేనివారు ఉన్నారు. ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఒకే వార్డులో పర్మినెంటు నర్సుకు ఈహెచ్ఎస్ ఉంటుంది. ఔట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికురాలికి ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా, ఉండాలి. నెల జీతం 21,000 రూపాయలు మించనివారికి కార్మికుడి వాటాగా 0.75 శాతం, యజమాని వాటాగా 3.25 శాతం జమ కావాలని నిబంధన. మా వార్డులో చెత్త సంచీ ఎత్తుతుండగా ఒక కార్మికురాలి అరచేతిలో సూది దిగింది. ఆ సూదిని డబ్బాలో వేయకుండా సంచీలో వేసింది మా నర్సుల్లో ఒకరే. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అది ప్రభుత్వ వైద్యంలోనే ఉచితంగా దొరికింది, ఆ మాట గర్వంగా చెబుతాను. అయితే ఆమెకు హెపటైటిస్ బి టీకా మూడు డోసుల్లో ఒక్కటీ పడలేదు. ఆమె పేరు మీద ఈఎస్ఐ జమ అయినట్టు కాగితం చూపమంటే కాంట్రాక్టరు మనిషి ఫోను ఎత్తడం మానేశాడు. మందు వికారానికి తిండి తినలేక ఐదు రోజులు రాకపోతే ఐదు రోజుల కూలీ కోశారు. అదే నెలలో మాలో ఒకరు మోకాలి పరీక్షల కోసం ఈహెచ్ఎస్ మీద ప్రైవేటు గదిలో రెండు రోజులు ఉండి వచ్చారు. ఇద్దరూ ఒకే రోగుల మధ్య తిరిగేవారు, ఒకే గాలి పీల్చేవారు.

ఆశా కార్యకర్తల సంగతీ ఇంతే. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన వీరిని ఇప్పటికీ ఉద్యోగులుగా లెక్కించడం లేదు. వీరందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల రక్షణ ఇస్తామని 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. అది మంచి నిర్ణయం. కానీ క్షయ రోగి ఇంటికి వారం వారం వెళ్లి తనకే క్షయ తెచ్చుకున్న ఆశా, మంచం పట్టిన నెలల్లో ఏం తినాలో ఆ పథకంలో లేదు.

5. ఎప్పుడైనా మనం మన ఆస్పత్రినే వాడుకుంటే వరుసలో నిలబడం. ఓపీ చీటీ లేకుండా ఎక్స్‌రే, టోకెను లేకుండా రక్తపరీక్ష జరిగిపోతాయి. మనం లోపలికి వెళ్లిన ప్రతిసారీ బయట బెంచీ మీద ఒకరి వంతు వెనక్కి పోతుంది.

1992 జూలైలో పశ్చిమ బెంగాల్లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, ఒక ప్రభుత్వాసుపత్రి తర్వాత మరొకటి మంచం ఖాళీ లేదనో, సౌకర్యం లేదనో తిప్పి పంపాయి. చివరికి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో సుమారు 17,000 రూపాయలు ఖర్చు పెట్టుకొని బతికాడు. అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి అతనికి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. ఆ రోజు అతన్ని తిప్పి పంపిన ఆస్పత్రుల సిబ్బందికే ఆ దెబ్బ తగిలి ఉంటే, మంచం లేదన్న మాట అన్నిసార్లు వినవలసి వచ్చేదా అని నేను ఆలోచిస్తుంటాను. ప్రభుత్వ జీతం తీసుకునేవారు, వారి కుటుంబాలు ప్రభుత్వాసుపత్రుల్లోనే చికిత్స పొందాలని 2018లో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్‌ను ఆదేశించింది. అందులోని ఆవేదన నాకు అర్థమవుతుంది, కానీ ఉన్నపళంగా అందరినీ కట్టడి చేయడం నాకు సమ్మతం కాదు. అలా చేస్తే ముందు నలిగిపోయేది నాలుగో తరగతి ఉద్యోగే. పైవారు ఏదో ఒక సిఫారసుతో బయటపడతారు. అందుకే నా కోరికలను ఈ వరుసలో పెడుతున్నాను.

1. వైద్య ఆరోగ్య శాఖ సిబ్బంది ఈహెచ్ఎస్ కింద ఏయే చికిత్సలకు, ఎన్నిసార్లు, ఎంత మొత్తానికి ప్రైవేటుకు వెళ్లారో, వాటిలో ఎన్ని వారు పనిచేసే ఆస్పత్రిలోనే జరిగేవో, వ్యక్తుల పేర్లు లేకుండా, జిల్లాల వారీగా ఏటా ప్రకటించాలి. ట్రస్టు వద్ద ఈ లెక్క అంతా ఉంది.

2. జిల్లాలోని ప్రభుత్వాసుపత్రిలో మామూలుగా జరిగే చికిత్సను శాఖ సిబ్బంది ముందుగా అక్కడే కోరాలి. ముప్పై రోజుల్లో చేయలేకపోతే ప్రైవేటుకు పంపవచ్చు, కానీ ఎందుకు చేయలేకపోయారో కారణం రాసి, ఆ లోపం సరిచేసే బాధ్యతను ఒక అధికారి పేరు మీద పెట్టాలి. గోప్యత కోరినవారికి పక్క జిల్లా ప్రభుత్వాసుపత్రిని కారణం అడగకుండా ఇవ్వాలి. అత్యవసర స్థితికి, క్యాన్సరుకు, అవయవ మార్పిడికి ఈ నియమం వర్తించకూడదు. దీన్ని మొదటి ఏడాది డైరెక్టర్లు, ప్రొఫెసర్లు, సూపరింటెండెంట్లు, జిల్లా వైద్యాధికారుల నుంచి మొదలుపెట్టాలి. రెండో ఏడాది డాక్టర్లు, నర్సులు. కింది ఉద్యోగులు అందరికంటే చివర.

3. అలా చేరిన సిబ్బందికి వేరే గది కట్టకూడదు. రోగులున్న వార్డులోనే మంచం ఇవ్వాలి, ఓపీ వరుసలోనే చీటీ ఇవ్వాలి. ఆ వార్డు మనం పడుకోవడానికి పనికిరాదనిపిస్తే దాన్ని అందరికోసం బాగు చేయాలి.

4. ప్రైవేటుకు కట్టే ప్యాకేజీ మొత్తాన్నే మన ఆస్పత్రికీ కట్టాలి. అది ఆలస్యం కాకుండా అభివృద్ధి సొసైటీ ఖాతాలో పడాలి, దేనికి ఖర్చయిందో ఓపీ దగ్గర బోర్డు మీద రాయాలి.

5. పని వల్ల వచ్చిన జబ్బుకు, సూది గాయానికి, క్షయకు, డ్యూటీలో జరిగిన దాడికి లెక్క వేరుగా ఉండాలి. పర్మినెంటు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్, ఆశా అన్న తేడా లేకుండా ఎక్కడ మెరుగైన చికిత్స దొరికితే అక్కడ, పూర్తి ఖర్చుతో, జీతం కోయకుండా ఇవ్వాలి. హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టకుండా ఎవరినీ వార్డు పనిలోకి తీసుకోకూడదు.

6. ప్రతి కార్మికుడి పేరున ఈఎస్ఐ జమ అయిన రసీదు లేనిదే కాంట్రాక్టరు బిల్లు పాస్ చేయకూడదు. ఈఎస్ఐ పరిధి దాటిన కాంట్రాక్టు ఉద్యోగులకు, ఆశాలకు ఈహెచ్ఎస్‌తో సమానమైన రక్షణ కల్పించాలి.

సంఘాల నాయకులను ప్రత్యేకంగా అడుగుతున్నాను. నేను మీ సభ్యురాలినే, సమ్మెల్లో మీతో కూర్చున్నదాన్నే. నెట్‌వర్క్‌లో కొత్త ప్రైవేటు ఆస్పత్రులను చేర్చమని మనం ఎన్నో వినతిపత్రాలు ఇచ్చాం. మనం పనిచేసే ఓటీలో పాడైన కెమెరా బాగు చేయించమని ఒక్కటైనా ఇచ్చామా? వచ్చే డిమాండ్ల పత్రంలో పైన రాసిన నా కోరికల్లో 5వ, 6వ అంశాలను మొదటి వరుసలో పెట్టండి.

శాఖ అధికారులు అరవై రోజుల్లో లిఖితపూర్వకంగా, అంశాల వారీగా జవాబివ్వాలని కోరుతున్నాను. ఏ అంశం సాధ్యం కాదో, ఎందుకు కాదో అందులో చెప్పండి. 'పరిష్కరించబడినది' అన్న సందేశాన్ని జవాబుగా తీసుకోను.

నా కుడి కంటిలో శుక్లం ముదిరింది. పింఛనుదారుగా నా ఈహెచ్ఎస్ కార్డు ఇంకా చెల్లుతుంది. అయినా ఈసారి జిల్లా ప్రభుత్వాసుపత్రి కంటి విభాగంలో పేరు రాయించుకున్నాను. చీటీ తీసుకొని వరుసలో కూర్చుంటే నాకు ముందు పదిహేడు మంది ఉన్నారు. ఆపరేషన్‌కు వచ్చే నెల రెండో మంగళవారం రమ్మన్నారు. మీలో ఎవరైనా ఆ రోజు వార్డుకు వచ్చి చూడదలిస్తే నేను అక్కడే ఉంటాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
శ్రీకాకుళం జిల్లా